బూడిద కలిపిన బొబ్బర్లు

గోంగూర పండించకపోతే నా తెలుగుతనానికే మచ్చ అన్నంత పట్టుదలతో నేను అమెరికాలో మేముండే పిస్కాటవే ఊరి కమ్యూనిటీ గార్డెన్‌లో ఒక మడి తీసుకున్నాను. టౌన్‌షిప్ వాళ్ళు పార్కు వెనకాల ఖాళీ నేలని మడులుగా విడగొట్టి, జింకలు దూకకుండా చుట్టూ ఎత్తైన కంచె వేసి, అడిగినవాళ్ళకి ఇస్తారు. పగలంతా లాప్‌టాప్ ముందు కూర్చుని "నా మాట వినిపిస్తోందా" అని అరిచే ఉద్యోగం నాది. సాయంత్రం చేతికి కాస్త మట్టి అంటితే ప్రాణం లేచొస్తుంది. మావారేమో, "ఓక్‌ట్రీ రోడ్డు ఇండియన్ షాపుల్లో కట్టలు కట్టలు గోంగూర దొరుకుతుంటే ఈ తిప్పలేంటే నీకు" అంటారు. అలా అన్న మనిషే పచ్చడి చేసిన రోజు అందరికంటే ముందు కంచం పెట్టుకుంటారు.

నా పక్క మడి ఆంటీది. ఆంటీ అంటే మనవాళ్ళ ఆంటీ కాదు. ఆఫ్రికాలో మలావి అనే చిన్న దేశంలో ఒక పల్లెలో పుట్టి, అక్కడే సగం జీవితం వ్యవసాయం చేసి, ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న కూతురి దగ్గరికి వచ్చి ఉండిపోయిన మనిషి. మా అత్తగారి ఈడు. తలకో రంగుల గుడ్డ, నడుముకో రంగుల గుడ్డ చుట్టుకుని, చిన్న పిడి ఉన్న పారతో నడుం వంచి తవ్వుతుంటే నేను వచ్చిందీ వెళ్ళిందీ కూడా చూసేవారు కాదు.

నిజం చెప్పొద్దూ, మొదటి ఏడాది ఆవిడ మడి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నేనేమో యూట్యూబ్ చూసి, తాడు పట్టుకుని, వంకాయలకో వరస, బెండకాయలకో వరస వేసుకున్నాను. ఆవిడ మొక్కజొన్న వేశారు, దాని చుట్టూ బొబ్బర్లు పాకించారు, కింద నేల కనపడకుండా గుమ్మడి పరిచారు. అంతా ఒకటే గుబురు. ఆ గుమ్మడి తీగ తగుదునమ్మా అని గట్టు దాటి నా వంగమొక్కల మీదికి వచ్చి కూర్చుంది. ఓ సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను.

"ఆంటీ, మీ గుమ్మడికి వీసా ఎవరిచ్చారు? నా మడిలోకి వచ్చేసింది."

ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా ఆరబెట్టినట్టు వస్తుంది. నాతో మాట్లాడేది ఆ ఇంగ్లీషులోనే అయినా, నాకు మాత్రం ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

"వచ్చినదాన్ని తినెయ్యి," అన్నారు. వంగి, తీగ కొసలు గోటితో పుటుక్కు పుటుక్కున తుంచి, లేతాకులన్నీ కట్టగా చేసి నా చేతిలో పెట్టారు. "వేరుశనగలు దంచి వేసుకో."

వేసుకున్నాను. మర్నాడు ఇంకో కట్ట నేనే అడిగి తీసుకున్నాను. అక్కణ్ణుంచి మేమిద్దరం ఒక పార్టీ అయిపోయాం. మా వరసలో ఒక అమెరికన్ తాతగారు ఉంటారు. ఆయన తోటకూరని కలుపనుకుని వేళ్ళతో సహా పీకి కంపోస్ట్ గుట్ట మీద పడేస్తారు. ఆయన అటు తిరగడం ఆలస్యం, నేనూ ఆంటీ చెరోవైపు నుంచీ ఆ గుట్ట దగ్గరికి చేరి ఏరుకునేవాళ్ళం. ఎవరి వాటా ఎక్కువైందని పోట్లాడుకునేవాళ్ళం కూడా. తాతగారు మమ్మల్ని చూసి తలకాయ గోక్కునేవారు.

ఇక అక్టోబరులో చలి మొదలైంది. గార్డెన్ మూసేస్తారు కాబట్టి అందరం మడులు ఖాళీ చేస్తున్నాం. ఆంటీ ఎండిన బొబ్బరకాయలు వొలిచి, ఒక పీనట్ బటర్ సీసా నిండా గింజలు పోసి తెచ్చి నాకిచ్చారు. చిన్న గింజలు, ఎర్రమట్టి రంగు, కన్ను దగ్గర నల్లగా ఉంది. మన షాపుల్లో దొరికే తెల్ల బొబ్బర్లకీ వీటికీ పోలికే లేదు. అన్నిటికీ బూడిద పట్టించి ఉంది. పురుగు పట్టకుండా కలిపారట. వేసవిలో కూతురి ఇంటి దగ్గర కట్టెలతో మాంసం కాల్చినప్పుడు ఆ బూడిద జల్లించి దాచుకున్నారు.

"ఇవి నీ ఇంట్లో ఉంచు. సగం నా దగ్గర, సగం నీ దగ్గర," అన్నారు.

"మీ విత్తనాలు నా దగ్గరెందుకు ఆంటీ?"

ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుని చెప్పారు.

"మా ఊళ్ళో మగాళ్ళు గనుల్లోకో పట్నానికో పోతారు. పొలం ఆడదానిదే. విత్తేది ఆడదే, తవ్వేది ఆడదే, పిల్లలు ఆకలంటే వినేదీ ఆడదే. పాత పంట అయిపోయి కొత్త పంట ఇంకా రాని నెలలు ఉంటాయి చూడు, అవి మహా చెడ్డవి. బయట వాన కురుస్తుంది, చేలు పచ్చగా ఉంటాయి, ఇంట్లో గింజ ఉండదు. అప్పుడు చెయ్యి విత్తనాల మూట మీదికి పోతుంది. అందుకే మా ఆడవాళ్ళు విత్తనం మొత్తం ఒక ఇంట్లో ఉంచరు. సగం పక్కావిడ ఇంట్లో పెడతారు, ఆవిడ సగం వీళ్ళింట్లో పెడుతుంది. నీది నువ్వు తినేస్తావు. పక్కదానివి ఎలా తింటావు? సిగ్గేస్తుంది."

ఆవిడ చిన్నప్పుడు ఒక ఏడు వాన మొహం చాటేసిందట. తినడానికి ఏమీ లేదు. పిల్లల ఏడుపు వినలేక వాళ్ళమ్మ పొయ్యి మీద పొగలో వేలాడే బొబ్బర్ల మూట దించి, ముడి విప్పింది. కుండలో నీళ్ళు కూడా పోసింది. తర్వాత ఏమనుకుందో, మళ్ళీ ముడి వేసి, ఆ మూట తీసుకుని పక్కింటికి వెళ్ళి, "ఇది కూడా నీ దగ్గరే దాచు. నేను వచ్చి అడిగినా ఇవ్వకు," అని చెప్పి వచ్చేసింది. పక్కావిడకీ పిల్లలున్నారు, వాళ్ళూ పస్తులే. ఆవిడా ముట్టుకోలేదు. అందరూ అడవిలో దుంపలు తవ్వుకు తిన్నారు. ఆలస్యంగానైనా వాన పడ్డాక ఆ బొబ్బర్లు విత్తితే, కాయ రాకముందే ఆకు వచ్చింది. ఆ ఆకు ఉడికించుకు తిని బతికారట.

"మా చిన్న చెల్లెలు మాత్రం ఆకు వచ్చేదాకా ఆగలేకపోయింది," అని ఆంటీ పార తుడుచుకున్నారు. "ఇవి ఆ గింజలే. మా ఊరు మొన్నటి వరదలో కొట్టుకుపోయింది. అక్కడ ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. నా దగ్గరే ఉన్నాయి."

ఆ సీసాని కారులో పక్క సీట్లో పెట్టి, సీటు బెల్టు కూడా పెట్టి మరీ ఇంటికి తెచ్చాను. నవ్వకండి, నిజంగానే పెట్టాను. తెచ్చి ప్యాంట్రీలో పై అరలో ఉంచాను.

నవంబరులో మా అత్తగారు వచ్చారు. ఆవిడ పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది అన్నీ తెనాలి పట్టణంలోనే. పొలం అంటే రైలు కిటికీలోంచి చూడ్డమే. కానీ వంటింట్లో అడుగుపెట్టారంటే ఇంక ఆ ఇల్లు ఆవిడది. వారం తిరిగేసరికి నా డబ్బాలన్నీ చోట్లు మారిపోయాయి. ఉప్పు కావాలంటే నేను ఆవిణ్ణి అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

ఆంటీ ఒకసారి టీకి వచ్చారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా అత్తగారు చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటే, ఆంటీ అడక్కుండానే ఎదురుగా కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టారు. ఆవిడ వెళ్ళాక అత్తగారు తీర్పు చెప్పేశారు. "మంచి మనిషి. చెయ్యి చురుకు. మీ అమెరికా వాళ్ళలా ఒక్కో కాయా పట్టుకుని ఫొటో తియ్యదు." ఆ రోజు నుంచీ ఆంటీ మా అత్తగారికి వదినగారైపోయారు.

జనవరిలో ఒక రోజు మంచు తుఫాను. రోడ్లు మూసేశారు, స్కూళ్ళు మూసేశారు. నా ఉద్యోగం మాత్రం ఎవరూ మూయలేదు, హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌లో ఉన్నాను. వంటింట్లోంచి అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలిపిన వాసన వచ్చింది. కాసేపట్లో కాగే నూనె చప్పుడు. గారెలు! బయట తెల్లగా మంచు, లోపల ఎర్రగా వేగిన గారెలు. మా ఇంట్లో ఆ మధ్యాహ్నం పండగే. కరకరలాడుతూ ఒక రకమైన మట్టి వాసనతో, నేను ఎప్పుడూ తినని రుచి. మావారు లెక్క మరిచిపోయి తిన్నారు. "ఏం పప్పు అత్తయ్యా" అని అడగాలని కూడా తోచలేదు నాకు, నోరు ఖాళీ లేదు.

రోడ్డు మీద మంచు తీసేశాక అత్తగారు ఒక స్టీలు డబ్బా నిండా గారెలు సర్ది, "మా వదినగారికి ఇచ్చి రారా," అని మావారిని పంపారు. ఆంటీ ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఇంత మంచి తిండి ఈ దేశం వచ్చాక తినలేదన్నారు. అత్తగారు ఆ మాట నాచేత మళ్ళీ మళ్ళీ తెలుగులో చెప్పించుకుని మురిసిపోయారు.

మే నెలలో ఎడిసన్‌లో నా స్నేహితురాలి కూతురి పెళ్ళి. నా స్నేహితురాలిది కరీంనగర్. పాలికల కోసం నవధాన్యాలు నానబెడితే ఎనిమిది మొలకెత్తాయి, షాపు బొబ్బర్లు మాత్రం కుళ్ళిపోయాయని బెంగ పెట్టుకుంది. పెళ్ళికి పోసే పాలికల్లో మొలక రాకపోతే మనసుకి అదో కీడు కదా. అత్తగారు ఏదో పొట్లం కట్టి తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టారు. నేను పక్కనే ఉన్నాను గానీ, టైలర్ ఇంకా ఇవ్వని బ్లౌజు గురించి ఫోన్‌లో యుద్ధం చేస్తున్నాను. పెళ్ళి చక్కగా జరిగింది. మొలకలు పచ్చగా వచ్చాయని అందరూ చెప్పుకున్నారు. పెళ్ళైన రెండు రోజులకి అత్తగారు ఇండియా విమానం ఎక్కేశారు.

మే చివర్లో నేల వెచ్చబడింది. గార్డెన్‌లో ఆంటీ మడి తవ్వి, మట్టి పిండిలా చేసి ఉంచారు.

"రేపు నా సీసా తెచ్చివ్వు అమ్మాయీ. చలికాలంలో మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ పైపు పగిలింది. నా గింజలన్నీ తడిసి బూజు పట్టాయి, ఒక్కటి కూడా పనికిరాదు. మా అమ్మాయి ఏడ్చింది. నేను ఏడవలేదు. నీ ఇంట్లో ఉన్నాయి కదా అన్నాను."

నేను హుషారుగా ఇంటికొచ్చి పై అర తెరిచాను. సీసా ఉంది. తళతళలాడుతూ కడిగి ఉంది. లోపల బెల్లం ఉంది.

గుండె జారి అరికాళ్ళలోకి వచ్చింది. వెంటనే తెనాలికి ఫోన్ కొట్టాను. అత్తగారికి అప్పుడే తెల్లవారింది, కాఫీ తాగుతున్నారు.

"అవా? గారెలు చేశాగా! మంచు పడిన రోజు. మినప్పప్పు నిండుకుంది, రోడ్లు మూసేశారాయె. బొబ్బర్లు కనిపించాయి. ఎవరో పాపం బూడిద పోసేశారు, నాలుగు నీళ్ళు కడిగేసరికి నా నడుం పడిపోయింది."

"అవి విత్తనాలు అత్తయ్యా! ఆంటీవి. దాచమని ఇచ్చారు. నేను మీకు చెప్పాను కదా!"

"నువ్వెప్పుడు చెప్పావు? పైగా నేను వచ్చి అడిగితే నువ్వే తలూపావు."

"ఆ తలూపింది మా మేనేజర్‌కి అత్తయ్యా!"

"నాకేం తెలుసమ్మా! చెవులకి అది తగిలించుకుని రోజంతా నువ్వు తలూపుతూనే ఉంటావు."

నేను చెప్పాననే నా వాదన. చెప్పలేదనే ఆవిడ వాదన. ఈ దావా ఇప్పటికీ తేలలేదు. ఆ పూట మాత్రం వాదించే ఓపిక కూడా లేక ఫోన్ పెట్టేశాను. ఆకలితో అలమటించే పిల్లల్ని పెట్టుకుని ఇద్దరు తల్లులు ముట్టుకోని గింజలు. మేము తినేశాం. ఆకలికి కూడా కాదు, మంచు పడిందని సరదాకి.

మర్నాడు వట్టి చేతులతో గార్డెన్‌కి వెళ్ళాను. ఆంటీ నా చేతులే చూశారు. ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మా అత్తగారు తెలియక వండేశారు ఆంటీ. జనవరిలో మీకు గారెలు పంపాం కదా. అవి ఆ గింజలే."

ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

"అవి నేను కూడా తిన్నాను," అన్నారు. "మా అమ్మ ముడి విప్పి మళ్ళీ కట్టేసింది. నేను తినేశాను."

"మీకు తెలియదు కదా ఆంటీ..."

"రుచి తెలిసినట్టే అనిపించింది. ఎక్కడి రుచో గుర్తు రాలేదు." గుడ్డ కొసతో కళ్ళు తుడుచుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మెత్తగా చేసి పెట్టుకున్న ఆ మట్టిని అలాగే వదిలేసి, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. నేను కారులో కూర్చుని భోరున ఏడ్చాను.

మరో రెండు రోజులకి అత్తగారే ఫోన్ చేశారు. గొంతు నీరసంగా ఉంది.

"నాకు అన్నం సయించడం లేదే అమ్మాయ్. ఆ వదిన మొహమే కనిపిస్తోంది. ఏమంది?"

"ఏమీ అనలేదు."

"పోనీ ఆ ఉన్నవాటినైనా దాచి ఉంటే బాగుండేది. నా బుద్ధి గడ్డి తిని అవి కూడా ఇచ్చేశాను."

నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. "ఏవి అత్తయ్యా ఉన్నవి?"

"అదేనే. గింజ లేకుండా డబ్బా తుడిచే అలవాటు నాకుందా? మా అత్తగారు చూస్తే వీపు చీరేసేవారు. బియ్యమైనా పప్పైనా అడుగున గుప్పెడు ఉంచాల్సిందే. గారెలకి తీసినప్పుడు ఇవీ గుప్పెడు పక్కన పెట్టాను, కడక్కుండా. బెల్లానికి సీసా కావాల్సొచ్చి వాటిని పొట్లం కట్టాను. మీ కరీంనగర్ అమ్మాయి బొబ్బర్లు మొలకెత్తలేదని ఏడుస్తుంటే ఆ పొట్లమే కదా ఇచ్చాను, పాలికల్లోకి!"

"అత్తయ్యా, మీకు కోటి దండాలు!" అని ఫోన్ పెట్టేసి ఎడిసన్‌కి కొట్టాను. పెళ్ళయ్యాక పాలికల్ని పారే నీళ్ళలో కలపాలి. కలిపేసి ఉంటే కథ కంచికే.

"పాలికలా?" అంది నా స్నేహితురాలు తాపీగా. "నీళ్ళల్లనే కలపాలె గని, ఈడ రారిటన్ నదిల మట్టి పోస్తే ఎవడన్న ఫైన్ టికెట్ రాస్తడని మా ఆయన భయపడ్డడు. మా బ్యాక్‌యార్డ్‌ల డెక్ పక్కన కుమ్మరిచ్చినం. ఎందుకే?"

"ఉన్నాయా ఇంకా? పచ్చగా ఉన్నాయా?"

"ఏమో, చూడలే. ఆ మూలంత గడ్డి పెరిగి అడివోలె ఉన్నది. ఇయ్యాల లాన్ వాళ్ళొస్తరు, అంత ట్రిమ్మర్‌తోని కొట్టెయ్యమని చెప్పిన."

"కొట్టనివ్వకే తల్లీ! నీకు పుణ్యముంటుంది. నువ్వెళ్ళి అక్కడ నిలబడు. నేను వచ్చేదాకా కదలకు."

మేనేజర్‌కి అర్జెంట్ పనుందని మెసేజ్ పడేసి, దారిలో ఆంటీని ఎక్కించుకున్నాను. కారులో ఆవిడకి పాలికల గురించి చెప్పడానికి నా ఇంగ్లీషు చాల్లేదు. పెళ్ళికి ముందు తొమ్మిది రకాల గింజలు మట్టిలో పోసి మొలిపిస్తాం, ఆ జంట అలాగే పచ్చగా ఉండాలని, అన్నాను. ఆవిడ వింటూ ఉన్నారు గానీ చేతులు రెండూ ఒళ్ళో బిగించి పెట్టుకున్నారు. ఎడిసన్ సిగ్నళ్ళన్నీ ఆ రోజే ఎర్రబడ్డాయి.

మేము వెళ్ళేసరికి లాన్ వాళ్ళ ట్రక్కు వీధిలో ఆగి ఉంది. గుండె ఝల్లుమంది. వెనక్కి పరిగెత్తాం. మిషన్ భుజాన తగిలించుకున్న పెద్దమనిషికి అడ్డంగా మా కరీంనగర్ ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "మై డాటర్ వెడ్డింగ్, నో కట్, నో కట్!" అని ఆయనతో అంటోంది. ఆయనకి ఏమర్థమైందో గానీ టోపీ తీసి పక్కకి జరిగాడు.

డెక్ అనే ఆ చెక్క అరుగు మెట్ల పక్కన చిన్న గుబురు. గోధుమ, వరి గడ్డిలా లేచాయి. పెసలు, మినుములు, ఉలవలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కుందేళ్ళు కొన్ని కొరికేశాయి. నాకైతే అన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఆంటీ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ఆకునీ బొటనవేలితో నిమురుతూ వెతికారు. పెసర ఆకుకి నూగు ఉంటుంది, బొబ్బర ఆకు నున్నగా ఉంటుంది. మేమిద్దరం ఊపిరి బిగపట్టి వెనక నిలబడ్డాం.

ఒక చోట ఆవిడ చెయ్యి ఆగింది. ఆ మొక్క చుట్టూ మట్టి తోసి, వేరు దగ్గర వేలు పెట్టి చూశారు. తర్వాత వాళ్ళ భాషలో ఏదో అన్నారు, మాతో కాదు. ఇంకో మొక్క దొరికింది. ఉలవల చాటున ఇంకోటి. మొత్తం మీద ఒక చిన్న ట్రేకి సరిపడా దొరికాయి. ఆవిడ వెనక్కి తిరిగి చూసి నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. మా కరీంనగర్ ఆవిడకి ఇంకా సంగతేమిటో సగమే తెలుసు. అయినా ఆవిడా ఏడ్చేసింది. పిల్లని అత్తారింటికి పంపిన తల్లి, ఏడవడానికి ఆవిడకి పెద్ద కారణం అక్కర్లేదు.

మట్టితో సహా తవ్వి, పెళ్ళిలో మిగిలిన పేపరు ప్లేట్లలో పెట్టుకుని బయల్దేరాం. బయల్దేరే ముందు మా స్నేహితురాలు మమ్మల్ని కూర్చోబెట్టి పెళ్ళి లడ్డూ పెట్టింది, బొట్టు పెట్టింది. ఆంటీకి జాకెట్టు గుడ్డ కూడా పెట్టింది. ఆంటీ ఆ గుడ్డని అప్పుడే తలకి చుట్టుకున్నారు. ఇది మా పద్ధతి కాదు అని ఎవరికీ అనాలనిపించలేదు, అంత బాగుంది ఆవిడకి.

ఆ వేసవంతా ఆ మొక్కలకి జరిగిన సేవ మా ఇంట్లో పిల్లలకి కూడా జరగలేదు. నేను రోజూ ఆఫీసు కాల్ అవగానే గార్డెన్‌కి పోయి చూసేదాన్ని. మావారు కుందేళ్ళ కోసం వలకంచె తెచ్చి కట్టారు. తెనాలి నుంచి అత్తగారు వీడియో కాల్‌లో "ఏదీ, చూపించు, ఆకుకి చీడ పట్టిందా" అని ఆరా తీసేవారు. బొబ్బరాకు మొదటిసారి గిల్లిన రోజున ఆంటీ ఆ కూర వండి తెచ్చారు. చిన్న గిన్నెడే. మేమంతా తలా ఒక ముద్ద తిన్నాం. తింటుంటే ఆవిడ చెల్లెలు గుర్తొచ్చింది నాకు. ఆంటీకీ గుర్తొచ్చే ఉంటుంది. ఇద్దరం నెమ్మదిగా తిన్నాం.

తీగలు విరగ కాశాయి. కాయలు ఎండేదాకా ఒక్కటీ కోయనివ్వలేదు ఆంటీ.

మొన్న అక్టోబరులో మళ్ళీ మడులు ఖాళీ చేశాం. గింజలు ఈసారి మూడు ఇళ్ళకి పంచారు. ఒకటి ఆవిడకి, ఒకటి ఎడిసన్‌కి. మా వంతు వచ్చేసరికి నేనే వెనక్కి తగ్గాను.

"మాకొద్దు ఆంటీ. మా ఇంటి సంగతి తెలిసింది కదా. మా అత్తగారు వచ్చే నెల మళ్ళీ వస్తున్నారు."

"మా అమ్మకి కావాల్సింది, అడిగినా ఇవ్వని ఇల్లు," అన్నారు ఆంటీ. "నాకు కావాల్సింది గుప్పెడు ఉంచే ఇల్లు."

అని సంచిలోంచి రెండు సీసాలు తీశారు. ఒకదాంట్లో గింజలకి ఎప్పటిలాగే బూడిద పట్టించి ఉంది. రెండోదాంట్లో శుభ్రంగా కడిగి, ఆరబెట్టిన ఎర్రటి గింజలు నిగనిగలాడుతున్నాయి.

"ఇది పై అరలో పెట్టు," అని బూడిద సీసా నా చేతికిచ్చారు. తర్వాత రెండోది ఇచ్చారు. "ఇది కింద అరలో, మీ అత్తకి అందేచోట పెట్టు. మంచు పడినప్పుడు నన్ను కూడా పిలవండి."